లైటు ఎటువైపు పెట్టావు?

దగ్గరమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. ఏ వస్తువునైనా ముక్కు ఆనేంత దగ్గరికి వంగి చూస్తే తప్ప ఆమెకు తృప్తి ఉండదు. కూరగాయల కొట్లో టమాటాను కూడా అలాగే చూస్తుంది. "కొనుక్కోండమ్మా, ముద్దుపెట్టుకోకండి" అని కొట్టువాడు మొత్తుకుంటాడు. పెళ్లయిన కొత్తలో ఆమె తన మొహంలోకి అలా కళ్లార్పకుండా చూస్తుంటే ప్రేమ అనుకుని మురిసిపోయాడట మొగుడు. తీరా చూస్తే గడ్డం గీసుకుంటూ అతను వదిలేసిన ఒక్క వెంట్రుక కోసం.

అలాంటి మనిషికి అలాంటి ఉద్యోగమే దొరికింది. యంత్రాల విడిభాగాలను తనిఖీ చేసే వర్క్‌షాపులో ఫొటోలు తీయడం ఆమె పని. క్రేను కొక్కెం కానీ, లిఫ్టు కప్పీ కానీ, ఏది వచ్చినా నూనెలో కడిగి, తుడిచి, కెమెరా కింద పెట్టి, కంటికి ఆనని గీత కూడా కనపడేంత పెద్దగా ఫొటో తీస్తుంది. ఆ ఫొటో చూసి సంతకం బాబాయ్ సంతకం పెడితేనే వస్తువు తిరిగి పనిలోకి వెళ్తుంది. బాబాయ్ అంటే చుట్టమేమీ కాదు, అక్కడి పరీక్షాధికారి. ఆయన సంతకం లేనిదే ఆ గుమ్మం దాటి మేకు కూడా బయటికి పోదు.

ఇక ఆమె మొగుడు ఊరి చివరి పార్కులో జెయింట్ వీల్ మేస్త్రీ. ఏడాదికోసారి పార్కు మూసి మరమ్మతులు చేస్తారు. అప్పుడు వీల్‌కు వేలాడే, జనం కూర్చునే పెట్టెలన్నీ దించి, అవి వేలాడే ఉక్కు పిన్నులు ఊడదీసి, ఈ వర్క్‌షాపుకే పంపుతారు. ఒక్కో పిన్ను మణికట్టంత లావు. నలుగురు మనుషులున్న పెట్టె బరువంతా అటొకటి, ఇటొకటి, ఆ రెండు పిన్నుల మీదే ఉంటుంది.

ఈ ఏడు పిన్నులు రాకముందే పాత లెన్సు పాడైంది. కొత్తది నువ్వే ఎంచుకో అన్నారు ఆఫీసు వాళ్లు. ఇంకేం, చిన్నపిల్లను బొమ్మల కొట్టుకు పంపినట్టే అయింది.

లెన్సుల కొట్టాయన చిన్న వస్తువుని పెద్దగా చూపే మాక్రో లెన్సులు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి పొట్టిది, అరచేతిలో ఇమిడేది. రెండోది పొడుగ్గా, బరువుగా ఉంది.

"రెండూ వస్తువుని ఒకే సైజులో చూపిస్తాయమ్మా" అన్నాడు. "కాకపోతే పొట్టిదానితో దాదాపు ఆనుకునేదాకా వెళ్లాలి. పొడుగుదైతే కాస్త ఎడంగా ఆగొచ్చు. నన్నడిగితే పొడుగుదే తీసుకోండి. మధ్యలో జాగా ఉంటే లైటు మీ ఇష్టమొచ్చిన వైపు పెట్టుకోవచ్చు."

"ఉక్కు పిన్నుతో నాకేం మొహమాటమండీ, ఎడంగా నిలబడ్డానికి?"

"మొహమాటం గురించి కాదమ్మా, వెలుతురు..."

"వెలుతురు సంగతి నేను చూసుకుంటాలెండి. చిన్నదే ఇవ్వండి."

ఆయన ఇంకేదో చెప్పబోయి, బేరం పాడవుతుందేమోనని ఊరుకున్నాడు. ఆమె వినే ధోరణిలో ఉంటే కదా.

మొదట లెన్సు చుట్టూ గాజులా తొడిగే రింగు లైటు పెట్టి చూసింది. మెరిసే ఉక్కు మీద అది తెల్లటి సున్నాలా పడింది. పైగా అన్నివైపుల నుంచీ వెలుగు పడేసరికి ఎత్తుపల్లాలన్నీ చదునైపోయాయి. గతుకులు కనపడాలంటే వెలుగు ఒక పక్క నుంచి వాలుగా రావాలి. సాయంత్రం ఎండలో గులకరాయికి కూడా నీడ పడుతుంది చూడండి, అలాగ. అది ఆమెకు బాగా తెలుసు. రింగు లైటు తీసి పక్కన పడేసి, చిన్న ఎల్ఈడీ లైటు ఒకటి తెచ్చుకుంది.

అది ఎటు పెట్టాలన్నది ప్రశ్న. పాత లెన్సు ఉన్న రోజుల్లో లైటు బల్లకు అవతలి వైపు ఉండేది, అంటే ఫొటోలో చూస్తే పైనుంచి వెలుగు వచ్చేది. ఇప్పుడు పొట్టి లెన్సు కావడంతో కెమెరా, దాన్ని పట్టుకున్న స్టాండు చెయ్యి పిన్ను మీదికి దిగిపోయి అవతలి దారి మూసేశాయి. ఎడమపక్క గోడ, కుడిపక్క బీరువా. మిగిలింది ఆమె కూర్చున్న వైపే. సరే అని లైటును తన మోచేతి పక్కనే పెట్టుకుంది. వెలుగు వెలుగే కదా, ఎటునుంచి వస్తే ఏం? నిజానికి ఆ మాట ఆలోచించను కూడా లేదు. ఫొటోలు అద్భుతంగా వచ్చేసరికి మనిషి గాల్లో తేలిపోతోంది.

ఆ ఫొటోల్లో కొన్ని పిన్నుల మీద సన్నటి బొడిపెలు కనిపించాయి. మొటిమల్లా, గుంపులు గుంపులుగా. కంటితో చూస్తే ఏమీ తెలియదు. చేతి చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుందని ఆమె ఎప్పుడూ తొడుగులతోనే పట్టుకుంటుంది, కనుక తాకినా తెలియదు.

సంతకం బాబాయ్ ఫొటోలు చూసి తల పంకించాడు. "పక్కన వెల్డింగు చేస్తుంటే ఎగిరిపడి అతుక్కున్న చుక్కలమ్మా ఇవి. గరుకు ఎమరీ కాగితంతో రుద్దేస్తే పోతాయి. తుప్పు తిన్న గుంటలైతే భయపడాలి గానీ, బొడిపెలకేం?" అని టకటకా సంతకాలు పెట్టేశాడు. ఆమె ఒక్కో ఫొటో కింద 'బొడిపెలు, రుద్దాలి' అని రాసింది.

పిన్నులు తీసుకెళ్లడానికి మేస్త్రీయే వచ్చాడు. "రుద్దితే చాలా?" అని అడిగాడు.

"చాలండీ. నేను చూశాగా."

"నువ్వు చూశాక ఇంక తిరుగేముంది" అని పిన్నుల మూట భుజానికెత్తుకున్నాడు.

పార్కు మళ్లీ తెరిచే రోజు వచ్చింది. అక్కడ వాళ్లకో అలవాటు ఉంది. జనాన్ని లోపలికి వదిలేముందు మొదటి చుట్టు మేస్త్రీ ఇంటివాళ్లది. తన వాళ్లను ఎక్కించలేని వీల్ మీద ఊళ్లో వాళ్లను ఎక్కించకూడదని ఎప్పుడో ఎవరో పెట్టిన ఆనవాయితీ. ప్రతి ఏడూ దగ్గరమ్మ కూడా ఎక్కేది. ఈసారి అర్జంటు పని పడటంతో ఆమె వర్క్‌షాపులో ఉండిపోయి, అత్తగారినీ పాపనూ పంపింది. పాప పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చెప్పులు విప్పితే ఒట్టు.

ఆమె బల్ల మీద పిన్నుల ఫొటోలు పరుచుకుని వరసగా సర్దుతోంది. సంతకం బాబాయ్ టీ గ్లాసుతో వచ్చి, కుర్చీ లాక్కుని, బల్లకు అవతలి వైపు కూర్చున్నాడు. గ్లాసు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఒక ఫొటో మీద చూపు ఆపాడు.

"ఇదేంటమ్మాయ్! ఇన్ని గుంటలున్నదాన్ని పాస్ చేసిన మహానుభావుడెవరు?"

"మీరే బాబాయ్" అని నవ్విందామె. "గుంటలేంటి, బొడిపెలైతేనూ. కళ్లజోడు తుడుచుకోండి."

"వేళాకోళం కాదు. గుంటలే. లోతుగా ఉన్నాయి."

ఆయన లేచి ఆమె వైపు నడిచి వచ్చాడు. వంగి చూశాడు. ఇటునుంచి చూస్తే బొడిపెలు. మళ్లీ అటు వెళ్లాడు. అటునుంచి గుంటలు.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఫొటోను బల్ల మీదే నెమ్మదిగా తిప్పింది. తలకిందులయ్యేసరికి ఉబ్బుగా ఉన్న చుక్కలన్నీ ఒక్కసారిగా లోపలికి కుంగాయి. మళ్లీ తిప్పింది, పైకి లేచాయి. అదే కాగితం, అవే చుక్కలు.

"లైటు ఎటువైపు పెట్టావు?" అన్నాడు బాబాయ్.

"ఇటు. నా వైపు."

"కిందినుంచా? పైనుంచి కాదూ?"

ఆమె సొరుగులోంచి రబ్బరు తీసి, పెన్ను మొనతో దాంట్లో లోతుగా ఒక గుంట పొడిచి, కెమెరా కింద పెట్టి, అదే లైటు వేసి ఫొటో తీసింది. తెర మీద రబ్బరు కనిపించింది. తన చేత్తో, తన కళ్లముందు పొడిచిన గుంట, సెగ్గడ్డలా ఉబ్బి నిగనిగలాడుతోంది.

సూర్యుడు కానీ, ఇంట్లో దీపం కానీ, వెలుగు పైనుంచే వస్తుందని మనిషి కంటికి పుట్టినప్పటి నుంచీ అలవాటు. కింద నుంచి వెలుగు వేస్తే కన్ను ఒప్పుకోదు, గుంటను బొడిపె చేసేసి ఊరుకుంటుంది. అంత దగ్గరగా చూసే దగ్గరమ్మ కన్నూ మోసపోయింది, ఇన్నేళ్లుగా ఫొటోలు చదివే బాబాయ్ కన్నూ మోసపోయింది. బొడిపెలని ఆమె రాసినవన్నీ తుప్పు తిన్న గుంటలు. ఆ పిన్నులన్నీ వీల్‌కు ఎక్కాయి. ఏది ఏ పెట్టెకు వెళ్లిందో కూడా ఆమెకు తెలియదు. ఇప్పుడు వీల్ తిరుగుతోంది. అందులో పాప ఉంది.

ఆమె ఫోను తీసుకుని మొగుడికి చేసింది. మోగుతూనే ఉంది. వీల్ నడిపేటప్పుడు ఫోను దగ్గర ఉండకూడదని అక్కడి రూలు, అది లాకర్లో ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, అయినా మళ్లీ చేసింది. బాబాయ్ తన ఫోన్లో పార్కు ఆఫీసుకు చేస్తున్నాడు. ఎవరూ ఎత్తడం లేదు, అందరూ వీల్ దగ్గర చప్పట్లు కొడుతూ ఉండి ఉంటారు.

ఆమె అత్తగారికి చేసింది. వెంటనే ఎత్తారు.

"ఎక్కేశామే! భలే ఉందనుకో!" గాలి హోరులో అత్తగారి గొంతు. "ఇక్కణ్ణుంచి మీ వర్క్‌షాపు రేకులు కూడా కనపడుతున్నాయి. అమ్మకి టాటా చెప్పవే!"

"అమ్మా, టాటా!" అని పాప అరిచింది.

పైన ఉన్నారు, అంత పైన. ఆమెకు కేక పెట్టాలనిపించింది. కేక పెడితే పాప లేచి నిలబడుతుంది, పెట్టె ఊగుతుంది. పళ్ల బిగువున గొంతు సర్దుకుంది.

"అత్తయ్యా, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కదలనీయకండి. కిందికి రాగానే మీ అబ్బాయితో వీల్ ఆపమనండి."

"ఇప్పుడేగా ఎక్కింది! ఇంకా ఒక్క చుట్టన్నా..."

"మీకు కళ్లు తిరుగుతున్నాయని చెప్పండి."

"నాకా? నాకేం తిరగట్లేదే. నా గుండె రాయి. కావాలంటే ఇంకో పది చుట్లు..."

"అత్తయ్యా." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మీకు దణ్ణం పెడతాను. ఏమీ అడక్కండి. దించమనండి."

అత్తగారు వాదనకు దిగితే ఇల్లు పీకి పందిరేసే మనిషి. ఈసారి "సరే" అని మాత్రం అన్నారు. "ఇటు రావే బంగారం, నా ఒళ్లో కూర్చో. అబ్బే, ఏం లేదు, నాకు చలేస్తోంది."

తర్వాత అంతా వినడమే. ఇనుము కిర్రుమంటోంది. ఆమె ఫోనును చెవికి నొక్కిపట్టుకుంది. పాప ఏదో పాట మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది. కింద పార్కు వాళ్ల మాటలు మెల్లగా దగ్గరయ్యాయి.

"ఒరేయ్! ఆపరా!" అత్తగారి కేక ఫోను పగిలేలా వినిపించింది. "మీ ఆవిడ దించమంటోంది! ఇప్పుడే!"

ఎందుకు అని అతను అడగలేదు. ఏమైందనీ అనలేదు. కిర్రుమనే చప్పుడు సన్నగిల్లి, ఆగింది. గడియ తీసిన శబ్దం వినిపించింది.

"దిగామే" అన్నారు అత్తగారు. "పాప నా చేతుల్లోనే ఉంది. ఇప్పుడు చెప్పు, ఏంటి సంగతి?"

ఆమె నేల మీద కూలబడి, ఫోను ఒళ్లో పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బాబాయ్ ఆ ఫోను తీసుకుని తనే చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ పిన్నులన్నీ ఊడదీసి పట్టుకొచ్చాడు. లెన్సుల కొట్టాయనకు బాబాయ్ ఫోను చేస్తే పొడుగు లెన్సు ఆయనే స్వయంగా తెచ్చి ఇచ్చాడు. నేనప్పుడే చెప్పానుగా అని ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. అంటే బాగుండేది అనిపించిందామెకు. కెమెరాను ఎత్తుకు జరిపింది. లైటును అవతలి వైపు పెట్టింది. మొదటి పిన్ను తెర మీదికి వచ్చింది.

గుంటలు. తుప్పు తొలిచిన గుంటలు. వాటిలో అన్నిటికంటే లోతైనదాని అంచు నుంచి వెంట్రుక లాంటి పగులు ఒకటి బయల్దేరి, పిన్ను చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"ఇది... మనవాళ్లు ఎక్కిన పెట్టెదా?" అని అడిగిందామె.

"కాదు. దాని పక్క పెట్టెది. అందులో ఎవరూ లేరు" అన్నాడు మేస్త్రీ.

సంతకం బాబాయ్ తెర దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "నేనూ అలాగే చూశాను కదమ్మా" అన్నాడు. "చూసి సంతకం పెట్టాను." పార్కు యజమానికి వీల్ ఇప్పట్లో తెరవొద్దని చెప్పడానికి పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

ఇద్దరే మిగిలారు. ఆమెకు మొగుడి మొహంలోకి చూసే ధైర్యం లేదు. తిట్టమనాలనుంది. నాలుగు తిడితే కాస్త ఊపిరాడుతుందేమో.

"అంతా నా వల్లేనండీ" అంది.

"నాకు ముందే తెలిసింది" అన్నాడతను.

"ఏం తెలిసింది?"

"ఎమరీ కాగితంతో రుద్దాక, బొడిపెలు పోయాయా లేదా అని బొటనవేలు పెట్టి చూశాను. బొడిపెలేం తగల్లేదు. గుంటలు తగిలాయి. గోరు కూడా పట్టింది."

ఆమె తలెత్తి చూసింది. "మరి?"

"మరేముంది? నువ్వు బొడిపెలని రాశావు. అంత పెద్దగా చేసి చూసినదానివి నువ్వు. మొరటు వేళ్లు, నా వేలికేం తెలుసులే అనుకున్నాను. ఇంకాసేపు రుద్దాను."

"ఒక్కమాట నన్ను అడగొచ్చు కదా?"

"అడుగుదామనే అనుకున్నా. నీ పనిని అనుమానించినట్టు ఉంటుందేమోనని ఊరుకున్నా." అతను తన అరచేతిలోకి చూసుకుంటూ మాట్లాడుతున్నాడు. "పొద్దున్న అమ్మనీ పాపనీ నేనే ఎక్కించాను. గడియ నేనే వేశాను. వేస్తున్నప్పుడు కూడా ఆ గుంటలు నా వేలికి గుర్తొచ్చాయి."

"గుర్తొచ్చీ ఎక్కించారా!"

"నువ్వు చూశావుగా" అన్నాడు.

అందులో నింద లేదు, దెప్పిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేది. పొద్దున ఫొటోలో చుక్కలు లోపలికి కుంగినప్పుడు కూడా ఆమె ఇంతగా అదిరిపడలేదు. సొంత వేలు అబద్ధమని, ఆమె మాట నిజమని, కన్నకూతుర్ని తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాడీ మనిషి. పెట్టెలోంచి అత్తగారు కేక పెట్టగానే ఎందుకని అడగకుండా ఆపిందీ ఈ మనిషే.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "ఇంకెప్పుడూ నన్ను అలా నమ్మకండి" అంది. "నేనేం రాసినా, ఏం చెప్పినా సరే. నమ్మకండి."

"సరే" అన్నాడతను. ఆమె చెప్పింది కనుక, ఆ మాటనూ ఎదురు చెప్పకుండా నమ్మేశాడు.